తండ్రికి చేరని ఉత్తరము

నన్ను చూచిన నీకింత భయమెందులకని ఒక తండ్రి తన కుమారుని అడిగెను. కుమారుడు ఆ క్షణమున మారుపలుకలేకపోయెను. ఆ ప్రశ్నకు సమాధానము వ్రాయుటకు అతనికి తరువాత చేతివ్రాతలో సుమారు నూరు పుటలు పట్టినవి. ఆ పుటలు తండ్రికి చేరనే లేదు.

ఆ కుమారుడు ఫ్రాంజ్ కాఫ్కా. 1883 జూలై 3వ తేదీన ప్రేగు నగరమున యూదుల కుటుంబములో జన్మించి, జర్మను భాషలో కథలు, నవలలు వ్రాసి, 1924 జూన్ 3వ తేదీన నలుబదియొకటవ యేడు నిండకుండనే క్షయవ్యాధితో మరణించిన రచయిత. అతని కథలు ఇప్పుడు ప్రపంచమంతట చదువబడుచున్నవి. కాని నేడు మేము ప్రస్తావింపదలచినది కథ కాదు. 1919 నవంబరులో, ప్రేగుకు ఉత్తరముగా నున్న షెలెజెన్ అను పల్లెలో విశ్రాంతికై వెళ్ళియుండగా అతడు తండ్రికి వ్రాసిన ఉత్తరము. అప్పటికి అతనికి ముప్పదియారేండ్లు. న్యాయశాస్త్రమున డాక్టరు పట్టము పొందినవాడు; కార్మికుల ప్రమాద బీమా సంస్థలో బాధ్యతగల ఉద్యోగి. అట్టివాడు తండ్రి యెదుట మాత్రము నోరు పెగలని పసివాడు.

ఇట్టి విషయము రేడియో ప్రసంగమునకు తగునా యని కొందరు సందేహింపవచ్చును. రేడియో ఇంటి నడుమ కూర్చుండును. తాత, తండ్రి, బిడ్డ ఒకే గదిలో కూర్చుండి విందురు. అందుచేతనే తగునని మా అభిప్రాయము. చిన్ననాడు తల్లి వలననో తండ్రి వలననో గాయపడినవారు పెద్దవారై, తామే తలిదండ్రులై, ఉద్యోగములు చేసికొనుచు, లోపల మాత్రము ఆ గాయమును ఏమి చేయవలెనో తెలియక యుండుట ఒక్క ప్రేగు నగరమునకే పరిమితమైనది కాదు.

తండ్రి హెర్మన్ కాఫ్కా దక్షిణ బొహీమియాలో ఒక పల్లెటూరి కసాయివాని కుమారుడు. ఏడేండ్ల ప్రాయమున బండి త్రోసికొనుచు ఊరూర తిరిగినవాడు. చలికాలమున చాలిన బట్టలు లేక కాళ్ళు పుండ్లు పడినవాడు. ఒకే గదిలో ఇంటిల్లిపాదియు నిద్రించిన బీదతనము ఎరిగినవాడు. స్వశక్తితో ప్రేగు నగరమునకు వచ్చి ఫ్యాన్సీ సామానుల టోకు దుకాణము నెలకొల్పెను. భారీ శరీరము, పెద్ద గొంతు, తిరుగులేని ఆత్మవిశ్వాసము. ఇవి యన్నియు గొప్ప గుణములే. కాని తాను పడిన కష్టమును బిడ్డలకు కథగా చెప్పుట వేరు, అప్పుగా చూపుట వేరు. హెర్మన్ రెండవ పని చేసెను. నా కష్టము మీకేమి తెలియునను మాట ఆ యింట దినమును తప్పకుండెను. సుఖముగా పెరుగుటయే బిడ్డల నేరమైనది.

ఉత్తరములో కాఫ్కా చెప్పిన తొలి జ్ఞాపకము ఒక రాత్రికి సంబంధించినది. పసివాడు ప్రక్కలో పరుండి మంచినీళ్ళు కావలెనని మాటిమాటికి గునిసెను. దప్పికయే కారణము కాదనియు, కొంత విసిగించుటకు, కొంత తనకు తోచుబడికి అట్లు చేసితిననియు అతడే ఒప్పుకొనెను. గద్దింపులు పనిచేయలేదు. తండ్రి లేచి, పిల్లవానిని ప్రక్కలోనుండి ఎత్తి, లోపలి ముంగిటివైపు ఇంటి పొడవున ఉండు వసారాలోనికి తీసికొనిపోయి, పలుచని రాత్రి చొక్కాతో అక్కడ నిలిపి, తలుపు మూసివైచెను. కొంతసేపే. ఆ రాత్రి అందరికి నిద్ర పట్టుటకు వేరు మార్గము లేదేమో యని కూడ కాఫ్కా వ్రాసెను. పిల్లవాడు తరువాత బుద్ధిమంతుడయ్యెను. కాని నీళ్ళడుగుటకును, చలిలో బయట నిలువబడుటకును నడుమ నున్న సంబంధము ఆ పసిమనసునకు ఎన్నటికి అందలేదు. అకారణముగా ఒక మహాకాయుడు వచ్చి తన్ను ఎత్తి బయట పెట్టగలడు, అతని దృష్టిలో తాను ఏమియు కాదు అను భయము మాత్రము ఏండ్ల తరబడి నిలిచిపోయెను.

ఈ కథ వినిన పెద్దలు చాలమంది, ఇంతేనా యని అందురు. మా కాలమున ఇంతకంటె ఎక్కువ పడలేదా యనియు అందురు. ఆ మాటలోనే మనము ఆలోచింపవలసినది కలదు. హెర్మన్ కుమారుని నిజముగా కొట్టినది దాదాపు లేదని ఉత్తరమే చెప్పుచున్నది. అతడు కేకలు వేయును. ముఖము ఎర్రబడును. లాగు జారకుండ భుజములపైనుండి వేసికొను పట్టీలను హడావుడిగా విప్పి, కుర్చీ వీపుపై సిద్ధముగా వ్రేలాడవేయును. దెబ్బ పడదు. పడిన దెబ్బ ఒకప్పటికి మానును. పడనున్న దెబ్బ ఎప్పటికి మానవలెను? పైగా, దెబ్బకు అర్హుడనే, దయతో విడిచినారను భావము మిగులును. అట్లు ప్రతిసారియు బిడ్డ తండ్రికి బాకీ పడుచునే యుండును.

భోజనపు బల్ల సంగతి మరియు విచిత్రము. ఎముకలు పండ్లతో కొరకరాదు, తండ్రి కొరకవచ్చును. శబ్దము చేయుచు జుర్రరాదు, తండ్రి జుర్రవచ్చును. మెతుకులు క్రింద పడరాదు. లేచి చూచునప్పటికి అన్నిటికంటె ఎక్కువ తండ్రి కుర్చీ క్రిందనే యుండును. భోజనమువేళ భోజనమే చేయవలెను. తండ్రి మాత్రము గోళ్ళు తీసికొనును, పెన్సిలు చెక్కుకొనును. ఇవి చెప్పుకొన్న నవ్వు వచ్చు సంగతులే. కాఫ్కాకును ఆ సంగతి తెలియును. కాని శాసించువాడే శాసనమును పాటింపని యింట పెరిగిన బిడ్డకు, నియమములు తనకొక్కనికే పుట్టినవనియు, వానిని తాను ఎన్నటికి సరిగా పాటింపలేననియు తోచును. ఆ యూహతోనే అతడు లోకములోనికి అడుగిడును.

తల్లి జూలీ మెత్తని మనసుగల ఇల్లాలు. పగలంతయు దుకాణములో భర్తకు తోడు, సాయంకాలము అతనితో చీట్లపేక. ఆమె పిల్లలను చాటుగా ఓదార్చెడిది, చాటుగా డబ్బు ఇచ్చెడిది, చాటుగా అనుమతించెడిది. ఇది ఉపకారమే గదా! కాని ఆ ఓదార్పు లేకున్నచో బిడ్డ ఎప్పుడో ఎదురు తిరిగి తనంత తాను నిలువబడి యుండునేమో, ఆమె దయ తన్ను మరల తండ్రి వలయములోనికే చేర్చెనని కాఫ్కా బాధపడెను. మీ నాన్న నోరు అట్టిదే గాని మనసు వెన్న యను మాట మన యిండ్లలో వినబడనిది కాదు. ఆ మాట అబద్ధము కాకపోవచ్చును. కాని బిడ్డకు వినబడునది నోరు, మనసు వినబడదు.

గొంతే జీవనాధారమైన మావంటివారిని ఈ ఉత్తరములో అన్నిటికంటె కలతపెట్టిన భాగము వేరొకటి కలదు. ఎదురుమాట వలదని చేయి పైకెత్తు తండ్రి యెదుట బాలునకు మొదట నత్తి వచ్చెను; పిదప మాటయే ఆగిపోయెను. అతడు ఇంట మూగవాడయ్యెను. మాటలతో ప్రపంచమును జయించిన రచయిత తండ్రితో మాటలాడుటకు కాగితమును ఆశ్రయింపవలసివచ్చెను.

ఉత్తరమునకు తక్షణ కారణము పెండ్లి. 1919లో కాఫ్కా జూలీ వోరిజెక్ అను యువతిని వివాహమాడ నిశ్చయించెను. తండ్రి ఆ యువతిని గూర్చియు, కుమారుని పౌరుషమును గూర్చియు ఇచట వ్రాయరాని మాటలనెను. అదియు తల్లి యెదుటనే. ముప్పదియారేండ్ల పురుషుడు మరల రాత్రి చొక్కాతో వసారాలో నిలువబడెను. పెండ్లియు జరుగలేదు.

ఇంతవరకు చెప్పినది విని, ఇది తండ్రిపై అభియోగపత్రమని పాఠకులు తలచిన తలచవచ్చును. కొంతవరకు అట్టిదే. ఇందు న్యాయవాది యెత్తులు కలవని కాఫ్కా స్వయముగా తన స్నేహితురాలు మిలేనాకు వ్రాసెను. కాని ఏ అభియోగపత్రములోను కనబడనిది ఒకటి దీనియందున్నది. తండ్రియు నిర్దోషియే, తానును నిర్దోషినే యని అతడు పదేపదే చెప్పును. అంతేకాదు, చివర తండ్రి ఈ ఉత్తరము చదివినచో ఏమనునో దానిని కూడ తానే వ్రాసెను. ఆ కల్పిత ప్రత్యుత్తరములో తండ్రి చాల తెలివిగా వాదించును. నిందయంతయు నాపై మోపి, నన్ను క్షమించినట్లు నటించి, నీవు నా నెత్తిపైనే బ్రతుకదలచినావని కుమారుని నిలదీయును. ఆ వాదమునందును కొంత నిజమున్నదని కాఫ్కా ఒప్పుకొనెను. గాయపడినవాడు గాయపరచినవాని పక్షమున ఇంత బలముగా వాదించుట లోకములో అరుదు. అది న్యాయబుద్ధియా, లేక ఇంకను తీరని భయమా? రెండును కావచ్చునని మాకు తోచుచున్నది.

ఈ సందేహమునకు ఆధారము లేకపోలేదు. స్కాట్లండులోని ఎడింబరో నగరమున పనిచేసిన మనోవైద్యుడు రోనాల్డ్ ఫెయిర్‌బెయిర్న్ 1943లో ఒక వ్యాసము ప్రచురించెను. తలిదండ్రులచే బాధింపబడిన పిల్లలను పరిశీలించి అతడు గమనించినదేమనగా, వారు తమ తలిదండ్రులు చెడ్డవారని చెప్పుటకు ఇష్టపడరు; తామే చెడ్డవారమని ఒప్పుకొనుటకు వెనుదీయరు. ఇందులో ఒక లెక్క కలదు. పసిబిడ్డ ఇల్లు విడిచి పోలేడు. అన్నము పెట్టు చేయి చెడ్డదైనచో అతనికి వేరు దిక్కు లేదు. చెడు తనయందే యున్నదని తలచినచో కొంత ఆశ మిగులును. తాను మారినచో, మార్కులు తెచ్చినచో, నోరు మూసికొన్నచో, తండ్రి ప్రేమించును. ఆ లెక్క పసితనమున బ్రతుకు నిలుపును. చిక్కు ఏమనగా, ముప్పది నలుబది యేండ్లు గడచి, ఇల్లు మారి, ఊరు మారి, తండ్రి ముసలివాడై చేతికర్ర పట్టిన పిమ్మట కూడ ఆ లెక్క కొట్టివేయబడక నడచుచునే యుండును. అధికారి ముఖము చిట్లించిన గుండె దడదడలాడుట, మెచ్చుకొన్నవారిని నమ్మలేకపోవుట, తన బిడ్డపై చేయి ఎత్తి నిలిచిపోవుట — ఇవి ఆ పాత లెక్కలోని పద్దులే.

ఇట్టి బాల్యము తరువాతి ఆరోగ్యముపై చూపు ప్రభావమును వైద్యులు పెద్ద యెత్తున విచారించినది ఇటీవలనే. అమెరికాలోని శాన్ డియాగో నగరమున విన్సెంట్ ఫెలిటి, రాబర్ట్ ఆండా అను వైద్యులు తమ సహచరులతో 1995 నుండి 1997 వరకు 17 వేలమందికి పైగా పెద్దవారిని వారి బాల్యమును గూర్చి ప్రశ్నించిరి. కొట్టుట మాత్రమే కాదు. తిట్టి అవమానించుట, లైంగికముగా హింసించుట, ఇంట తల్లి దెబ్బలు తినుట చూచుట మున్నగునవియు ఆ ప్రశ్నలలో చేరినవి. 1998లో వెలువడిన తొలి నివేదిక ప్రకారము, ఇట్టి బాధలలో నాలుగు రకములు లేక అంతకు మించి అనుభవించినవారికి, ఏ బాధయు ఎరుగనివారితో పోల్చగా, త్రాగుడు, మత్తుమందులు, మనోవ్యాకులత, ఆత్మహత్యాప్రయత్నము వీని అపాయము నాలుగు మొదలు పండ్రెండు రెట్లు ఎక్కువ. అపాయము ఎక్కువయనగా అది విధివ్రాత యని యర్థము కాదు. అట్టి బాల్యము గడిపి చక్కగా బ్రతుకుచున్నవారు లెక్కలేనంతమంది. కాని మొక్కై వంగనిది మానై వంగునా యని బెత్తము పట్టువారు, మొక్కను విరిచిన మాను ఏమగునో ఒకసారి యోచింపవలెను.

మరి పెద్దవాడు చేయదగినదేమి? కాఫ్కా చేసినది మొదట చూడుడు. అతడు తండ్రిని శపించలేదు, క్షమించితినని ప్రకటింపనులేదు. జరిగినది జరిగినట్లు, చిన్న సంగతులను సయితము విడువక, కాగితముపై పెట్టెను. తండ్రి పద్దు తండ్రి పేర, తన పద్దు తన పేర వ్రాసికొనెను. వ్రాయుటయందు కొంత ఔషధగుణము కలదని పిదప శాస్త్రజ్ఞులు కూడ కనుగొనిరి. అమెరికాలో జేమ్స్ పెన్నిబేకర్, తన సహచరురాలితో కలిసి 1986లో ప్రచురించిన పరిశోధనలో, కళాశాల విద్యార్థులచేత నాలుగు దినములు, దినమునకు పదునైదు నిమిషములు, తమ జీవితములోని దుస్సహమైన సంఘటనలను వ్రాయించెను. వ్రాసిన వెంటనే వారి మనసు మరింత కుంగెను. కాని సంఘటనను, దానివలని బాధను కలిపి వ్రాసినవారు తరువాతి ఆరునెలలలో వైద్యశాలకు వెళ్ళుట తగ్గెను. తరువాతి పరిశోధనలలో ఈ ఫలితము అంత పెద్దదిగా కనబడలేదు, అయినను పూర్తిగా మాయము కాలేదు. పంపనక్కరలేని ఉత్తరము వ్రాయుమని నేడు మనోవైద్యులు కొందరు సలహా ఇచ్చుట కలదు. గాయము లోతైనదైనచో ఒంటరిగా కూర్చుండి త్రవ్వుట మంచిది కాదు. తెలిసిన వైద్యుని తోడు కావలెను. 2022లో భారత ప్రభుత్వము నెలకొల్పిన టెలి మానస్ అను సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. ఇంకను బాల్యములోనే యుండి బాధపడుచున్న బిడ్డలకు 1098 కలదు.

తండ్రి నోటినుండి ఒక్క ఒప్పుకోలు మాట వినవలెనని జీవితకాలము వేచియుండువారు చాలమంది. కాఫ్కాయు ఆశపడకపోలేదు. ఉత్తరమును తల్లిచేతికిచ్చి తండ్రికి అందజేయుమనెననియు, ఆమె చదివి దానిని అందింపక కుమారునికే తిరిగి ఇచ్చెననియు అతని మిత్రుడు మాక్స్ బ్రాడ్ తెలిపెను. అందించియున్నను హెర్మన్ ఏమి చేసియుండునో ఊహింపవచ్చును. కుమారుడు తన కథల సంపుటమొకటి తండ్రికే అంకితమిచ్చినాడు. ప్రక్క బల్లపై పెట్టుమనుటయే క్రొత్త పుస్తకములకు ఆ తండ్రి పలుకు స్వాగతము. ఉత్తరము పూర్తిగా అచ్చుపడినది 1952లో. అప్పటికి హెర్మన్ మరణించి ఇరువదియొక్క సంవత్సరములు.

కావున ఒప్పుకోలు వచ్చిన పిమ్మటనే మనశ్శాంతి యనుకొన్నచో, తాళపుచెవిని మరల ఆ తండ్రిచేతికే ఇచ్చినట్లగును. మన దేశములో ఇందు ఇంకొక చిక్కు కలదు. ముసలితనమున తలిదండ్రులను పోషించుట బిడ్డల ధర్మము. 2007 నాటి తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము దానిని చట్టబద్ధమైన విధిగా కూడ చేసినది. ఒకనాడు తన్ను గదిలో పెట్టి కొట్టిన తండ్రికి నేడు మందులు కొనిపెట్టుచు, స్నానము చేయించుచు, చేయి వణకుచున్న కుమారులు, కుమార్తెలు మన యెరుకలోనే కలరు. వారిని ఎవరును అడుగరు. వారు చేయు సేవ చూచి లోకము మెచ్చుకొనును. ఆ మెప్పు వారికి మరియొక దెబ్బ. ఆ చట్టము పోషణయనగా అన్నము, బట్ట, వసతి, వైద్యము అని చెప్పును. ప్రేమయని చెప్పలేదు. మందు ఇచ్చుట, మరచిపోవుట రెండు వేరువేరు పనులని తెలిసికొన్నచో ఆ చేయి వణకు కొంత తగ్గునని మా నమ్మకము. జరిగినది జరుగలేదని నటింపక కూడ సేవ చేయవచ్చును. సేవ చేయలేక ఆ పనిని ఇతరులకు అప్పగించి దూరముగా నుండువారిని తొందరపడి నిందింపరాదు. ఆ మూసిన తలుపు వెనుక ఏమి జరిగెనో మనము చూడలేదు.

ఒకే యింట పెరిగినను నలుగురు బిడ్డలు నాలుగు దారులు త్రొక్కుట కూడ ఈ కుటుంబములో కనబడును. పెద్ద చెల్లెలు ఎల్లీ చిన్ననాడు బెదురుపిల్ల. పెండ్లియై ఇల్లు దాటగానే ఉల్లాసముగల ఇల్లాలయ్యెను. నడిమి చెల్లెలు వల్లీ తల్లివలె సర్దుకొని పోయెను. చిన్నది ఒట్లా తండ్రితో ఎదురెదురుగా పోరాడి, దుకాణము విడిచి, 1917లో పల్లెలో వ్యవసాయమునకు పూనుకొనెను. అన్నకు క్షయ బయటపడినప్పుడు ఆశ్రయమిచ్చినది ఆమెయే. ఎవరి దారి మంచిదని తీర్పు చెప్పుట మావల్ల కాదు.

ఉత్తరము వ్రాయగానే కాఫ్కా గాయము మానెనని చెప్పుట కథకులకు చెల్లును, మాకు చెల్లదు. అతడు ఆ తరువాతను చాలకాలము తలిదండ్రుల యింటనే యుండెను. 1923 సెప్టెంబరులో గాని బెర్లిను నగరమునకు పోయి తనకొక గూడు కట్టుకొనలేకపోయెను. కాని ఉత్తరము వ్రాసిన రెండేండ్లకు, 1921లో, అతడు ఎల్లీకి వ్రాసిన లేఖలు గమనింపదగినవి. ఆమె కుమారుడు ఫెలిక్సునకు అప్పుడు పదేండ్లు. వానిని హెలెరావు అను చోట క్రొత్త పద్ధతుల పాఠశాలలో చేర్పింపుమని మేనమామ పట్టుపట్టెను. పిల్లల పెంపకమును పూర్తిగా తలిదండ్రుల చేతిలోనే విడువరాదనుటకు గలివరు యాత్రల రచయిత స్విఫ్టును సాక్ష్యముగా పిలిచెను. తన బాల్యమును బాగుచేసికొనుటకు వీలులేనివాడు ఇంకొక బాల్యము కొరకు వాదించెను.

1924 వసంతమున క్షయ గొంతునకు ప్రాకెను. వైద్యులు మాటలాడవలదనిరి. వియన్నా సమీపమున కీర్లింగులోని చికిత్సాలయమున అతడు చుట్టునున్నవారితో కాగితపు ముక్కలపై వ్రాసి మాటలాడెను. తలిదండ్రులు చూడవత్తుమనిరి. మరణమునకు ముందునాడు అతడు వారికి ఒక ఉత్తరము వ్రాసెను. అందులో, ఒకప్పుడు తండ్రి తన్ను ఈతకొలనుకు తీసికొనిపోవుచుండిన ఎండకాలములను, ఇద్దరును కలిసి బీరు త్రాగుటను తలచుకొనెను. 1919 నాటి ఉత్తరములోను ఈతకు పోయిన నాటి ముచ్చట కలదు. అచట బట్టలు మార్చుకొను గదిలో తండ్రి భారీ శరీరము ప్రక్కన తన బక్క ఒంటిని చూచుకొని సిగ్గుతో కుంచించుకుపోయిన బాలుడున్నాడు. ఈత ముచ్చటలు రెండును నిజములే. రెంటిలో దేనిని అతడు కొట్టివేయలేదు. బీరు తలపునకు వచ్చిన ఆ చివరి ఉత్తరములోనే, ఇప్పుడు వలదు, రాకుండుటయే మేలని మృదువుగా వ్రాసెను. ఉత్తరము ముగియకముందే చేయి అలసిపోయెను. ప్రక్కనున్న డోరా డయమంట్ కాగితమును అతని చేతినుండి తీసికొని తాను రెండు మాటలు చేర్చెను. ఈ ఉత్తరము మాత్రము తలిదండ్రులకు చేరెను.